రెండో మందు రాసేముందు

(వడ్లమూడిలో ఇచ్చిన స్మారక ఉపన్యాసం పాఠం)



ఎవరి పేరున ఈ ఉపన్యాసం ఏటా జరుగుతోందో ఆ మాస్టారు ఫార్మకాలజీ చెప్పేవారు. ఒక మందు ఏం చేస్తుందో చెప్పినంత మాత్రాన విద్యార్థిని కూర్చోనిచ్చేవారు కాదట. దాన్ని ఎప్పుడు ఆపాలో కూడా చెప్పించేవారని ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. ఆ రెండో ప్రశ్న మూర్ఛ వైద్యంలో ఎంత అవసరమో రోజూ చూస్తున్న వైద్యుణ్ణి. అందుకని పిల్లల్లో, పదిహేను పదహారేళ్ల వయసువాళ్లలో మూర్ఛ జబ్బుకి ఒక మందు చాలనప్పుడు దానికి ఇంకొకటి జతచేయడం గురించి మాట్లాడతాను. దాన్ని తోడు మందు అంటాను.

ప్రపంచంలో సుమారు 5 కోట్లమందికి మూర్ఛ జబ్బు ఉంది. సరైన వైద్యం అందితే అందులో 70 శాతం దాకా ఫిట్లు లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మరి మందులు ఒకదాని తర్వాత ఒకటి ఎంతవరకు పనిచేస్తాయి? 2000లో గ్లాస్గోలో క్వాన్, బ్రోడీ అనే ఇద్దరు వైద్యులు, అంతకుముందు ఏ మందూ వాడని 470 మందిని ఏళ్ల తరబడి గమనించి లెక్క తేల్చారు. మొదటి మందుతోనే 47 శాతం మందికి ఫిట్లు ఆగిపోయాయి. అది పనిచేయక రెండో మందుకో మూడో మందుకో మారాక ఆగింది మొత్తంలో ఇంకో 14 శాతానికి. రెండు మందులు కలిపి వాడితే ఆగింది 3 శాతానికి. ఆ తర్వాత కొత్త మందులు ఎన్నో వాడకంలోకి వచ్చాయి. అదే ఊళ్లో 1795 మందిని చూసి 2018లో మళ్లీ లెక్క కట్టారు. మొదటి మందుకి సుమారు 46 శాతం, రెండో దానికి 12 శాతం, మూడో దానికి 4 శాతం. మందుల పేర్లు పెరిగాయి, లెక్క మాత్రం పెద్దగా కదల్లేదు.

ఈ అంకెలు చూసి తల్లిదండ్రులు దిగులు పడనక్కర్లేదు. సగానికి దగ్గరగా పిల్లలకి ఒక్క మందు చాలు. మిగతావాళ్లలో కూడా తోడు మందుతో ఫిట్లు సగానికి, పావుకి తగ్గి, బడికి వెళ్లగలిగే పిల్లలు చాలామంది. నేను అడుగుతున్నది ఒకటే. రెండో మందు రాసేటప్పుడు ఎందుకు రాస్తున్నామో, ఎన్నాళ్లు చూస్తామో, పనిచేస్తే దేన్ని తీసేస్తామో, చేయకపోతే ఎక్కడికి పంపుతామో ఆ రోజే తేల్చుకోవాలి. ఈ నాలుగూ తేలకుండా రాస్తే మూడో మందు వస్తుంది, నాలుగోది వస్తుంది. మొదటిది మాత్రం చీటీలోంచి పోదు.

మొదటి మందు నిజంగా పనిచేయలేదా అన్న దగ్గర మొదలుపెడదాం. పిల్లల వైద్యంలో ఎక్కువ పొరపాట్లు దొరికేది ఇక్కడే. రెండేళ్ల వయసులో 12 కిలోల బిడ్డకి కట్టిన మోతాదు, ఆరేళ్లు వచ్చి 20 కిలోలు దాటినా అలాగే సాగుతూ ఉంటుంది. మూర్ఛ మందుల మోతాదు కిలోకి ఇన్ని మిల్లీగ్రాములని లెక్క. బిడ్డ పెరిగింది, మందు పెరగలేదు. ఫిట్లు మళ్లీ వచ్చాయి. అప్పుడు కావలసింది తూకం యంత్రం. చీటీలోకి చేరేది మాత్రం కొత్త మందు.

సిరప్ సంగతి చూడండి. ఫెనిటాయిన్ సిరప్ నిలవుంటే మందు అడుక్కి దిగుతుంది. కదపకుండా పోస్తే సీసా మొదట్లో పలచని మందు వెళ్తుంది, ఫిట్లు వస్తాయి. చివర్లో చిక్కటి మందు వెళ్తుంది, బిడ్డ తూలుతుంది. ఒక్క సీసాలోనే మందు చాలలేదన్న మాటా, ఎక్కువైందన్న మాటా రెండూ వినిపిస్తాయి. పైగా ఫెనిటాయిన్‌ని కరిగించే లివర్ సత్తువకి ఒక హద్దుంది. మన డెల్టా కాలవ తూము ఇంత నీరే వదలగలదు, ఆపైన వచ్చిందంతా పొలం మీదికి పొర్లుతుంది కదా. ఆ హద్దు దాటాక పావు మాత్ర పెంచినా రక్తంలో మందు ఒక్కసారిగా ఎగుస్తుంది. కళ్లు అదురుతాయి, నడక తప్పుతుంది. ఆ బిడ్డకి వేరే జబ్బేదో ఉందని స్కానింగులకి పరుగులు పెట్టిన ఇళ్లు ఉన్నాయి.

నిద్ర సంగతి మన ప్రాంతానికి మరీ అవసరం. యుక్తవయసులో మొదలయ్యే ఒక రకం మూర్ఛ ఉంది, దాన్ని జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ అంటాం. పొద్దున్నే లేచిన గంటలో చేతులు ఉలిక్కిపడ్డట్టు ఎగురుతాయి. బ్రష్షు జారిపోతుంది, కాఫీ గ్లాసు చేతిలోంచి ఎగిరిపడుతుంది. ఇంట్లో అజాగ్రత్త అని కేకలేస్తారు. ఒక రోజు నిద్ర చాలకపోతే ఒళ్లంతా కొట్టుకునే ఫిట్ వస్తుంది. శివరాత్రికి ఇక్కడి క్వారీ బాలకోటేశ్వరస్వామి దగ్గర రాత్రంతా జాగారం చేసిన కుర్రాడికి తెల్లారేసరికి ఫిట్ రావడంలో వింతేమీ లేదు. ఇంటర్ హాస్టళ్లలో జాగారం ఏడాది పొడుగునా ఉంటుంది. రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్, తెల్లవారుజామున మళ్లీ గంట. హాస్టల్లో ఉన్న పిల్లకి రెండో మందు రాసేముందు ఎన్ని గంటలు నిద్రపోతోందో అడగాలి. ఎనిమిది గంటలు పడుకోనివ్వమని హాస్టల్‌కి ఉత్తరం రాసివ్వడం కూడా వైద్యమే. ఆ ఉత్తరం రాయడానికి బద్ధకించకండి. తల్లిదండ్రులు దాన్ని వార్డెన్ చేతికిచ్చి, ఒప్పుకునేదాకా అక్కణ్ణుంచి కదలకండి.

ఈ జబ్బులోనే ఇంకో చిక్కు ఉంది. కార్బమజిపైన్, ఫెనిటాయిన్ కొన్ని రకాల మూర్ఛకి మంచి మందులు. చేతులు ఎగిరే ఈ రకానికీ, చిన్నపిల్లలు కొన్ని సెకన్లు చూపు నిలిపి ఉండిపోయే ఆబ్సెన్స్ రకానికీ అవి ఇస్తే ఫిట్లు తగ్గకపోగా పెరగవచ్చు. వాటికి తోడుగా ఇంకోటి చేర్చినా పెంచేది లోపలే ఉంది. ఇక్కడ మొదటిదాన్ని తీయడమే మందు. ఆబ్సెన్స్ రకంలో ఎథోసక్సిమైడ్, వాల్‌ప్రోయేట్, లామోట్రిజిన్‌లను పోల్చి 2010లో అమెరికాలో పెద్ద పరీక్ష చేశారు. ఫిట్లు ఆపడంలో మొదటి రెండూ లామోట్రిజిన్ కన్నా మెరుగు. పిల్లల ధ్యాసని చెదరగొట్టకుండా ఉండడంలో వాల్‌ప్రోయేట్ కన్నా ఎథోసక్సిమైడ్ మెరుగు. 1950ల నాటి పాత మందు అది.

అసలు ఫిట్టేనా అన్నది కూడా చూడాలి. ఏడ్చి ఏడ్చి ఊపిరి బిగబట్టి నీలంగా మారే పసిబిడ్డ, ప్రార్థన వరసలో ఎండకి కళ్లు తిరిగి పడే పిల్ల, మనసులోని బాధ ఒంటి మీదికి వచ్చే కుర్రాడు, వీళ్లెవరికీ మూర్ఛ మందు పనిచేయదు. ఒకటి పనిచేయనప్పుడు రెండు కూడా చేయవు. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఫోను ఉంది. ఫిట్ వచ్చినప్పుడు బిడ్డని పక్కకి ఒత్తిగిల్లజేసి ఇంకొకరిని వీడియో తీయమనండి. అది చూస్తే మాకు సగం రోగ నిర్ణయం అయిపోతుంది. తాళాల గుత్తి చేతిలో పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల ఏ ఫిట్టూ ఆగదు. ఐదు నిమిషాలు దాటితే ముక్కులో కొట్టే మిడాజోలం స్ప్రే వాడాలి, వెంటనే ఆస్పత్రికి బయల్దేరాలి.

స్కానులో మచ్చ కనిపించిన పిల్లల సంగతి ఒకటి చెప్పాలి. మన దేశంలో పిల్లల ఫిట్లకి తరచు కనిపించే కారణం మెదడులో ఒక చిన్న ఉంగరంలాంటి మచ్చ. ఒకప్పుడు దాన్ని క్షయ గడ్డ అనుకుని నెలల తరబడి టీబీ మందులు మింగించేవారు. వెల్లూరు సీఎంసీలో చాందీ, రాజశేఖర్ బృందం 1980ల చివర్లో అలాంటి మచ్చల్ని తీసి పరీక్షించి, వాటిలో చాలా భాగం బద్దెపురుగు పిల్ల దశ వల్ల వచ్చినవని చూపించారు. మచ్చ కరిగితే మూర్ఛ మందు కూడా చాలామందికి మానేయవచ్చు. వీళ్లకి తోడు మందు అవసరం పడడం అరుదు. నిజంగా టీబీ ఉన్న బిడ్డకైతే ఇంకో జాగ్రత్త కావాలి. రిఫాంపిసిన్ మూర్ఛ మందుల్ని వేగంగా కరిగించేస్తుంది. ఐసోనియాజిడ్ ఫెనిటాయిన్‌నీ కార్బమజిపైన్‌నీ ఒంట్లో నిలబెట్టి విషంగా మారుస్తుంది. టీబీ మందులిచ్చే కేంద్రం వాళ్లకి మూర్ఛ చీటీ, మూర్ఛ వైద్యుడికి టీబీ కార్డు తప్పకుండా చూపించండి.

ఇవన్నీ చూశాక కూడా ఫిట్లు వస్తున్నాయంటే అప్పుడు తోడు మందు కావాలి. ఫార్మసీ విద్యార్థులు ఈ భాగం జాగ్రత్తగా వినాలి.

కొత్త మూర్ఛ మందులు దాదాపు అన్నీ తోడు మందులుగానే లోకంలోకి వచ్చాయి. ఫిట్లతో బాధపడే బిడ్డకి ఉన్న మందు మాన్పించి ఉత్త పిండి బిళ్ల ఇవ్వడం న్యాయం కాదు. అందుకని ఉన్నదాన్ని అలాగే ఉంచి, సగం మందికి కొత్తది, సగం మందికి పిండి బిళ్ల చేర్చి చూస్తారు. ఫిట్లు సగానికి తగ్గితే ఆ పరీక్షల్లో అది గెలుపు. నెలకి 20 ఫిట్లు వచ్చే బిడ్డకి 10కి తగ్గితే తల్లికి కొంత ఊపిరి ఆడుతుంది కానీ బిడ్డ ఇంకా సైకిలెక్కలేడు. మందు పనిచేస్తుందని కంపెనీ కాగితం చెబితే ఈ తేడా గుర్తుంచుకోండి. పిల్లల్లో పిండి బిళ్లతోనూ ఫిట్లు తగ్గినట్టు కనిపించడం పెద్దవాళ్లలో కన్నా ఎక్కువ. మెదడులో ఒక చోట మొదలయ్యే ఫిట్లకి పెద్దవాళ్లలో పనిచేసిన మందు పిల్లల్లోనూ పనిచేస్తుందని అమెరికా మందుల శాఖ కొన్నేళ్లుగా ఒప్పుకుంటోంది. మోతాదు ఎంత, ప్రమాదం ఎంత అన్నవి మాత్రం పిల్లల్లో వేరుగా తేల్చాల్సిందే.

రెండు మందులు ఒంట్లో కలిసినప్పుడు ఏమవుతుందన్నది మీ చదువులో అతి ముఖ్యమైన అధ్యాయం. వాల్‌ప్రోయేట్ వాడే బిడ్డకి లామోట్రిజిన్ చేర్చారనుకోండి. వాల్‌ప్రోయేట్ దాన్ని కరగనివ్వదు, ఒంట్లో ఉండే సమయం రెట్టింపు దాటుతుంది. మామూలు మోతాదుతో మొదలుపెడితే ఒళ్లంతా దద్దుర్లు లేచి, నోరూ కళ్లూ పుండ్లై, చర్మం ఊడిపోయే స్టీవెన్స్ జాన్సన్ జబ్బు రావచ్చు. లామోట్రిజిన్‌తో ఇలాంటి తీవ్రమైన దద్దుర్లు పిల్లల్లో వెయ్యికి 3 నుంచి 8 మందికి కనిపించాయి. అందుకే అతి తక్కువతో మొదలుపెట్టి రెండేసి వారాలకి ఒక మెట్టు చొప్పున పెంచాలి. త్వరగా ఆగాలని తండ్రి తొందరపెట్టినా మెట్టు దాటకూడదు. ఆ తర్వాత ఎప్పుడైనా వాల్‌ప్రోయేట్ ఆపేస్తే లామోట్రిజిన్ స్థాయి పడిపోతుంది, ఫిట్లు తిరిగొస్తాయి. తోడు మందు మోతాదు మొదటి మందు ఉన్నంతకాలానికే కట్టింది మరి.

వాల్‌ప్రోయేట్ పుట్టుక ఆసక్తికరమైన సంగతి. 1962లో ఫ్రాన్సులో పియేర్ ఐమార్ అనే యువకుడు కొత్త పదార్థాల్ని కరిగించడానికి దాన్ని ఉత్త ద్రావకంగా వాడాడు. కరిగించినవన్నీ ఫిట్లని ఆపుతుంటే, ఆపుతున్నది ద్రావకమేనని తేలింది. 1967లో అక్కడ మందుగా అమ్మకానికొచ్చింది. అరవై ఏళ్లుగా ఎందరినో నిలబెట్టిన ఈ మందే, రెండేళ్లలోపు పసిబిడ్డకి ఇతర మూర్ఛ మందులతో కలిపి ఇస్తే 500 మందిలో ఒకరికి ప్రాణం తీసేంతగా లివర్ దెబ్బతింటుందని 1980ల్లో అమెరికా లెక్క చూపింది. ఆ వయసులో వాల్‌ప్రోయేట్‌ని తోడు మందుగా చేర్చే చెయ్యి ఒక్క క్షణం ఆగాలి.

క్లోబజామ్ మన దగ్గర బాగా వాడకంలో ఉన్న తోడు మందు. చవక, త్వరగా పనిచేస్తుంది. కొన్ని నెలలకి ఒళ్లు దానికి అలవాటుపడి ఫలం తగ్గడమూ ఉంది. దాన్ని కరిగించే ఒక ఎంజైము పుట్టుకతోనే మందగించినవాళ్లు యూరపు జనంలో కన్నా మన దక్షిణాదిలో ఎక్కువ. వాళ్ల ఒంట్లో మందు పేరుకుని బిడ్డ క్లాసులో నిద్రపోతాడు. సోమరితనం అని టీచరు రాస్తారు. ఇదే క్లోబజామ్‌కి మన దక్షిణాది వైద్యులు ఒక చక్కని వాడకం కనిపెట్టారు. వేణ్నీళ్లు తలమీద పోసుకుంటే ఫిట్ వచ్చే రకం కర్ణాటకలో ఎక్కువగా కనిపిస్తుంది. బెంగుళూరు నిమ్హాన్స్‌లో సతీశ్‌చంద్ర బృందం 1988లో అలాంటివారు 279 మంది వివరాలు అచ్చువేసింది. తలంటుకి గంటన్నర, రెండు గంటల ముందు ఒక చిన్న క్లోబజామ్ మాత్ర వేస్తే చాలామందికి ఆ రోజు ఫిట్ రాదు. రోజూ రెండు మందులు మింగించే పని తప్పింది. ఆ చిన్న ఏర్పాటుని నేను ఎంతో గౌరవంతో పాఠంగా చెబుతాను.

లెవెటిరాసిటమ్ ఇతర మందులతో పెద్దగా కలబడదు, అందుకే తోడుగా ముందు గుర్తొస్తుంది. కొందరు పిల్లలకి అది వేసిన రెండు మూడు వారాల్లో కోపం, ఏడుపు, కొట్టడం మొదలవుతాయి. తల్లి దాన్ని వయసు అనుకుంటుంది. టోపిరమేట్‌తో మాట తడుముకోవడం, తిండి తగ్గడం ఉంటాయి. ఇంకా ముఖ్యం, పిల్లల్లో చెమట తగ్గిపోతుంది. గుంటూరు మే నెలలో చెమట పట్టని బిడ్డ ఒళ్లు కాలిపోతుంది. జ్వరం వల్ల ఫిట్ వచ్చిందని మళ్లీ మందు పెంచుతారు. వేసవిలో ఈ మందు మొదలుపెడితే నీళ్లు, నీడ, మధ్యాహ్నం ఆట మాన్పించడం చీటీ మీదే రాయాలి.

ఆడపిల్లల విషయంలో సూటిగా మాట్లాడతాను. పన్నెండేళ్ల అమ్మాయికి మొదలుపెట్టిన మందు ఇరవై రెండేళ్ల దాకా సాగవచ్చు. గర్భంతో ఉన్నప్పుడు వాల్‌ప్రోయేట్ వాడితే పుట్టిన బిడ్డల్లో సుమారు 10 శాతానికి పుట్టుకతో లోపాలు, 30 నుంచి 40 శాతానికి ఎదుగుదలలో ఇబ్బందులు కనిపించాయి. వేరే మందుతో ఆగే అవకాశం ఉంటే ఆ అమ్మాయికి అదే ముందు చూడాలి. వాల్‌ప్రోయేట్ చేర్చక తప్పకపోతే ఎందుకో తల్లికీ, అర్థమయ్యే వయసొచ్చాక అమ్మాయికీ చెప్పాలి. పెళ్లి సంబంధాల భయంతో మందు దాచిపెట్టి, పెళ్లయ్యాక మింగడం మానేసి, ఫిట్లతో తిరిగొచ్చే అమ్మాయిల్ని చూస్తే గుండె బరువెక్కుతుంది. మూర్ఛని వివాహం రద్దుకి కారణంగా చూపే మాటని 1999లోనే చట్టంలోంచి తీసేశారు. పెద్దవాళ్లు ఈ సంగతి నలుగురికీ చెప్పండి.

ఇక రెండు మందులూ పనిచేయనివాళ్లు. సరిగ్గా ఎంచి, సరైన మోతాదులో తగినంత కాలం వాడిన, బిడ్డ తట్టుకోగలిగిన రెండు మందులు విఫలమైతే దాన్ని మందులకి లొంగని మూర్ఛగా పరిగణించాలని 2010లో మూర్ఛ జబ్బుపై పనిచేసే అంతర్జాతీయ సంఘం నిర్ణయించింది. ఆ గీత ఎందుకు గీశారంటే అక్కడ దారి మారాలి కనుక. 2017లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు అలాంటి 116 మంది పిల్లల్ని, యుక్తవయసువారిని రెండు జట్లు చేశారు. 57 మందికి మెదడు ఆపరేషన్, 59 మందికి మందులే. ఏడాది తిరిగేసరికి ఆపరేషన్ జట్టులో 77 శాతానికి ఫిట్లు లేవు, మందుల జట్టులో 7 శాతానికి లేవు. ఆపరేషనైన మూడోవంతు మందికి ఒకవైపు బలహీనత లాంటి తీవ్రమైన ఇబ్బందులు కూడా వచ్చాయి. వాటిలో చాలామటుకు ముందే ఊహించినవి. ఆ మాట దాచకుండా చెప్పి, ఆపైన తల్లిదండ్రుల్ని నిర్ణయించుకోనివ్వాలి. తిరువనంతపురం శ్రీచిత్రలో 1995 నుంచి ఈ ఆపరేషన్లు జరుగుతున్నాయి. అందరికీ ఆపరేషన్ కుదరదు. కుదురుతుందో లేదో చూపించుకునే హక్కు మాత్రం ప్రతి బిడ్డకీ ఉంది. నాలుగో మందు, ఐదో మందు అంటూ ఐదేళ్లు జరిపితే ఆ ఐదేళ్ల చదువు తిరిగి రాదు.

ఇంకో దారి ఆహారం. కొవ్వు ఎక్కువ, పిండి పదార్థం అతి తక్కువ ఉండే కీటో ఆహారాన్ని 1921లో మేయో క్లినిక్‌లో మూర్ఛకి మొదలుపెట్టారు. ఇప్పటికీ కొన్ని రకాలకి అది గట్టి తోడు. మూడు పూటలా అన్నమే తిండిగా ఉన్న మన ఇళ్లలో నెయ్యి, గుడ్డు, కొబ్బరితో బిడ్డకి వేరే కంచం పెట్టడం కష్టం. అయినా పథ్యం తెలిసినవారి పర్యవేక్షణలో చేసిన తల్లులున్నారు.

చివరిగా తీసేయడం. తోడు మందు పనిచేసి ఫిట్లు ఆగిపోతే, కొన్ని నెలలు చూసి మొదటిదాన్ని మెల్లగా తగ్గించి చూడాలి. తోడు అనుకున్నదే సొంతంగా చాలవచ్చు. పిల్లల్లో సాధారణంగా రెండేళ్లు ఫిట్లు లేకుండా గడిచాక మందులు మాన్పించే ఆలోచన చేస్తాం. రెండుంటే ఒకటొకటిగా తీస్తాం. ఫినోబార్బిటాల్, క్లోబజామ్ లాంటివైతే నెలల మీద తీస్తాం. ఒక్కసారి ఆపితే ప్రమాదకరమైన ఫిట్లు వరసగా రావచ్చు. బాగైపోయిందని తల్లిదండ్రులు సొంతంగా ఆపకండి.

ఫార్మసీ విద్యార్థులారా, రేపు మీలో చాలామంది తెనాలిలోనో చేబ్రోలులోనో మందుల షాపులో నిలబడతారు. చీటీలో రెండు మూర్ఛ మందులు కనిపిస్తే బిడ్డ బరువు ఎంతో, ఎప్పటినుంచి రెండూ వాడుతున్నారో అడగండి. రాసిన కంపెనీది లేకపోతే చెప్పకుండా ఇంకోటి చేతిలో పెట్టకండి. సిరప్ ఇస్తే సీసా కదపమని, కొలత గొట్టంతో పొయ్యమని చూపించండి. స్టాకు అయిపోతుంటే మూడు రోజుల ముందే రమ్మనండి. వైద్యుడి చీటీ పాతబడి మోతాదు అనుమానంగా ఉంటే ఆ తల్లిని మళ్లీ వైద్యుడి దగ్గరికి పంపి, మాకు ఫోను చేయండి. మేము విసుక్కుంటే విసుక్కుంటాం, మీరు మాత్రం చేయడం మానకండి.